రాత్రి రెండింటికి లేపే నొప్పి

"నొప్పులున్నాయా?" అని అడిగితే గోదావరి డెల్టాలో ఆడవాళ్లు "పని చేసే ఒంటికి నొప్పులు రావా?" అని తేల్చేస్తారు. అందుకే ప్రశ్న మార్చాలి. నొప్పికి మెలకువ వస్తోందా? లేచాక ఏం చేస్తే తగ్గుతోంది? సగం కారణం ఆ జవాబులోనే దొరుకుతుంది.

సమస్య: వేళ్లు తిమ్మిరెక్కి, మంట పుట్టి మెలకువ రావడం

నరసాపురం వైపు లేసు అల్లే ఇల్లాలు అర్ధరాత్రి మంచం మీద కూర్చుని చెయ్యి విదిలిస్తుంటే, దోమలు తోలుకుంటోందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. విదిలిస్తే తగ్గడమే ఈ జబ్బు ఆనవాలు.

కారణం: మణికట్టులోని ఇరుకు దారిలోంచి మీడియన్ నరం వెళ్తుంది. గంటల తరబడి క్రోషియా సూదితో మణికట్టు వంచి అల్లితే అక్కడ వాపు వచ్చి నరం నలుగుతుంది. నిద్రలో చెయ్యి ముడుచుకుంటాం కనుక నొక్కుడు ఇంకా పెరుగుతుంది. బొటన, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారి చిటికెన వేలు బాగుంటే చాలావరకు ఇదే. చిటికెన వేలే మొద్దుబారితే నలిగే నరం వేరు, మోచేతి దగ్గర వెతకాలి. షుగరు, థైరాయిడ్ లోపం, గర్భం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

పరిష్కారం: రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ కట్టుకుని కనీసం ఆరు వారాలు చూడండి. అల్లిక మానేయమని చెప్పడం తేలిక, ఆ కూలి ఎవరిస్తారు? అరగంటకోసారి సూది పక్కన పెట్టి వేళ్లు చాపండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. బొటనవేలి మొదట్లో కండ పలచబడినా, చేతిలోంచి గ్లాసు జారుతున్నా ఇక ఆగకూడదు. నరం శాశ్వతంగా దెబ్బతినకముందే చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు.

సమస్య: కాళ్లు పీకడం

నడుం వాల్చగానే కాళ్లు లాగేస్తాయి, లేచి నాలుగడుగులు వేస్తే హాయి. పిల్లల చేత తొక్కించుకుని పడుకునే తల్లులెందరో! నాట్ల అలసటే అనుకుంటారు గానీ, తరచూ దీని వెనక ఇనుము లోపం ఉంటుంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) తక్కువ ఉండొచ్చు, ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. డాక్టరు ఐరన్ మాత్ర రాస్తే టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకోండి. పిక్క గట్టిగా ముద్దకట్టి పట్టేయడం వేరే సంగతి: మోకాలు చాపి, పాదాన్ని మీవైపు లాగి పట్టుకుంటే వదులుతుంది.

సమస్య: ఆ పక్కకు తిరిగితే భుజం నొప్పి

జడ వేసుకోవడానికి చెయ్యి లేవకపోతే భుజం బిగుసుకుంటూ ఉండొచ్చు. నలభై దాటినవాళ్లలో, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. రెండో పక్కకు పడుకుని, నొప్పి చేతి కింద దిండు పెట్టుకోండి. ఫిజియోథెరపీతో తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది.

నిద్ర చెడితే మర్నాడు అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. విసుగూ పెరుగుతుంది, ఇంట్లో "చిరాకు మనిషి" అన్న పేరూ వస్తుంది. దుకాణంలో రోజూ కొనే నొప్పి బిళ్లలతో ఈ చక్రం తెగదు, కడుపులో పుండ్లు పడే ప్రమాదం, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం మాత్రం ఉన్నాయి.

ఎలా పడుకున్నా తగ్గని నొప్పి, దానితోపాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఒక్క పిక్కే వాచి వెచ్చబడినా, నడుం నొప్పితో మూత్రం ఆగిపోయినా, ఛాతీ నుంచి దవడకో చేతికో నొప్పి పాకినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోను చేయండి.