ఊరి క్రికెట్ జట్టు చరిత్ర రాయడం ఎలా: స్కోరు పుస్తకం నుంచి పంచాయతీ తీర్మానం దాకా

జట్టు పుట్టి ముప్పై నలభై ఏళ్ళయింది, వచ్చే సంక్రాంతికి ఒక పుస్తకం వేద్దామని నలుగురూ అనుకుంటారు. తీరా అచ్చయి వచ్చాక అందులో ఉండేవి దాతల ఫొటోలు, గెలిచిన కప్పుల పట్టిక, పెద్దల శుభాకాంక్షలు. ఏ బంతితో ఆడారు, ఎవరి పొలంలో ఆడారు, కిట్టుకి డబ్బెక్కడిది, ఆట మధ్యలో ఆరేళ్ళు ఎందుకు ఆగింది అనేవి మాత్రం కనపడవు. కప్పుల కన్నా ముందు ఈ నాలుగూ పట్టుకుంటే మిగతావి వాటంతటవే వరసలోకి వస్తాయి.

సంక్రాంతికి పుస్తకం చేతికి రావాలంటే ఉగాదికే మొదలుపెట్టాలి. ముగ్గురు చాలు. ఒకరు తిరిగి మాట్లాడేవారు, ఒకరు కాగితాలూ ఫొటోలూ చూసేవారు, మూడోవారు లెక్క సరిచూసేవారు. ఈ మూడో మనిషి క్రికెట్ పిచ్చి లేనివాడైతే ఇంకా మంచిది.

ముందు పేర్ల పుస్తకం

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, ఆటగాడికి ఒక పేజీ ఇవ్వండి. ఇంటిపేరు, పూర్తి పేరు, ఊళ్ళో పిలిచే పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు, పదో తరగతి రాసిన ఏడు, ఏమి ఆడేవాడు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. పదో తరగతి ఏడు ఎందుకంటే అది మార్కుల మెమో మీద అచ్చయి ఉంటుంది. "నేను టెన్త్‌లో ఉండగా ఆడాం" అన్న మాటకి అక్కడే తేదీ దొరుకుతుంది. పుట్టిన తేదీని మాత్రం అంతగా నమ్మొద్దు. బళ్ళో వేసేటప్పుడు ఏడాదో రెండేళ్ళో అటూ ఇటూ వేయించడం అన్ని ఊళ్ళల్లోనూ ఉన్నదే.

ఈ పని ముందు ఎందుకంటే, స్కోరు పుస్తకాల్లో పూర్తి పేర్లుండవు. "శీను" అని ఉంటుంది. ఊళ్ళో శీనులు అయిదుగురు. "పొట్టి శీను", "టైలర్ శీను", "వెంకట్-2" ఎవరెవరో చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉండగానే రాసేసుకోవాలి. వీళ్ళని కలిపేస్తే ఇద్దరి పరుగులు ఒకడి ఖాతాలో పడతాయి, రెండోవాడి కొడుకు పుస్తకం విడుదల రోజున మైకు పట్టుకుంటాడు.

కాగితం ఎక్కడుంటుంది

కెప్టెన్ ఇంట్లో ఉండదు. స్కోరు రాసినవాడి ఇంట్లో ఉంటుంది, లేదా కిట్టు బ్యాగు పెట్టిన ఇంటి అటక మీద. ఫొటోలు ఆటగాళ్ళ దగ్గర కన్నా వాళ్ళ అమ్మల, అక్కల, భార్యల దగ్గర ఎక్కువ దొరుకుతాయి, పెళ్ళి ఆల్బమ్ చివరి పేజీల్లో. అడగాల్సింది వాళ్ళని.

టోర్నమెంటు కరపత్రం దొరికితే మొదట అడుగున సన్నక్షరాలు చూడండి. ముద్రించిన ప్రెస్ పేరూ ఊరూ వేయాలని అప్పట్లో చట్టం ఉండేది కాబట్టి చాలావాటి మీద అవి ఉంటాయి. తర్వాత చిరునామా చూడండి. "తాలూకా", "సమితి" అని ఉంటే ఆ కాగితం 1985కి ముందుదో, ఆ దగ్గర్లోదో. ఆ ఏడాదే మండలాలు వచ్చాయి. "మండలం" అని ఉంటే ఖాయంగా ఆ తర్వాతిది. స్మారక కప్పు అయితే ఆ పెద్దమనిషి పోయిన ఏడాది కనుక్కోండి, అంతకుముందు ఆ కప్పు ఉండే వీల్లేదు.

పత్రికల్లో వెతకాలంటే తేదీ చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. ఊరి టోర్నమెంట్లు విరివిగా అచ్చవడం జిల్లా పేజీలు వచ్చాకే. ఈనాడు వాటిని 1989లో మొదలుపెట్టింది. అంతకుముందు కాలానికి ఫైళ్ళు తిరగేస్తే శ్రమ ఎక్కువ, దొరికేది తక్కువ. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. పాత పత్రికల నిల్వకి వేటపాలెం సారస్వత నికేతనానికి మంచి పేరుంది, కానీ ఏ పత్రిక, ఏ ఎడిషన్ ఉందో ముందే కనుక్కుని వెళ్ళాలి.

సంఘం రిజిస్టరయి ఉంటే నంబరు పక్కన గీత గీసి ఏడాది వేసి ఉంటుంది. అది రిజిస్టరైన ఏడాదే తప్ప ఆట మొదలైన ఏడాది కాదు. రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సంతకాలు పెట్టాలి కాబట్టి ఆ ఏడు పేర్లూ విలువైనవే. అయితే వాళ్ళల్లో కొందరు బ్యాటు పట్టనివాళ్ళూ ఉంటారు, సంఖ్య సరిపోక సంతకం పెట్టినవాళ్ళు.

ఫొటో విషయంలో మూడు తప్పులు మామూలుగా జరుగుతాయి. ఫ్రేములో తేమకి అద్దానికి అంటుకున్న ఫొటోని పీకడం మొదటిది. పీకితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి, అద్దంతో సహా స్కాన్ చేయండి. చిరిగిందని సెల్లోటేపు వేయడం, లామినేషన్ చేయించడం రెండోది. టేపు పసుపెక్కి మరక దిగుతుంది, లామినేషన్ మళ్ళీ ఊడదు. మూడోది వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకోవడం. పంపేటప్పుడే అది నలిగిపోతుంది, అచ్చులో మొహం ముద్దగా వస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి. పోస్టుకార్డు సైజు ఫొటోకి 600 డీపీఐ, కాగితాలకి 300 సరిపోతుంది. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలు వాడండి, బాల్‌పెన్ను అచ్చు ముందువైపు తేలుతుంది.

ఫొటో మూల నారింజ రంగు అంకెల్లో తేదీ కనిపిస్తే వెంటనే సంబరపడొద్దు. ఆ కెమెరాలు కొన్నవాళ్ళల్లో తేదీ సరిచేసుకున్నవాళ్ళు తక్కువ.

ఏడాది తేల్చడం

"ఏ సంవత్సరం?" అని అడిగితే ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు, అది పనికిరాదు. "అప్పటికి నీ పెళ్ళయిందా? మీ ఇంటికి కరెంటు ఉందా? ఎవరింట్లో టీవీ చూశారు?" అని అడగండి. తర్వాత అందరికీ గుర్తుండే రోజులకి ముడిపెట్టండి: దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, కపిల్ కప్పెత్తింది 1983 జూన్ 25, ఇందిర హత్య 1984 అక్టోబరు 31, రాజీవ్ హత్య 1991 మే 21, కోనసీమ తుపాను 1996 నవంబరు 6, షార్జాలో సచిన్ వరస సెంచరీలు 1998 ఏప్రిల్, ఈడెన్‌లో లక్ష్మణ్ 281 కొట్టింది 2001 మార్చి, విశాఖలో ధోనీ 148 కొట్టింది 2005 ఏప్రిల్ 5, ఐపీఎల్ మొదలు 2008 ఏప్రిల్. వీటన్నిట్లో బాగా పనికొచ్చేది ఎన్టీఆర్ పోయిన రోజు, 1996 జనవరి 18. పండగ అయిన వెంటనే వచ్చింది కాబట్టి, ఆ ఏడు సంక్రాంతి కప్పు ఫైనల్ ఆగిందో లేదో చాలా ఊళ్ళల్లో గుర్తుంటుంది.

ఒక్క జాగ్రత్త. "ఎనభైమూడు కప్పు తర్వాతే మా జట్టు పుట్టింది" అని ప్రతి ఊళ్ళోనూ అంటారు. కొన్ని నిజమే. మరికొన్ని ఊళ్ళల్లో అంతకు పదేళ్ళ ముందే తాటిమట్ట బ్యాటుతో ఆడారు, లేదా అయిదేళ్ళ తర్వాత గానీ మొదలుపెట్టలేదు. పెద్ద తేదీ చిన్న తేదీల్ని తనవైపు లాక్కుంటుంది. రెండో ఆధారం దొరక్కపోతే "సుమారు" అని రాయడమే మర్యాద.

సంక్రాంతి టోర్నమెంటుకి ఇంకో చిక్కు. డిసెంబరు ఆఖరున మొదలై జనవరిలో ఫైనల్ ఆడతారు. కరపత్రం మీద 1993, కప్పు మీద 1994 ఉంటాయి. రెండు టోర్నమెంట్లు అనుకుని పట్టికలో రెండుసార్లు వేసేస్తారు. అంతటా 1993-94 అని ఒకే పద్ధతి పెట్టుకోండి.

పాత స్కోరు పుస్తకం లెక్క

బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు (బ్యాటర్ ఖాతాలో పడని వైడ్లు, నోబాల్స్, బైలు, లెగ్‌బైలు) కలిపితే జట్టు మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకి బైలు, లెగ్‌బైలు కలిపినా అదే రావాలి. ఉదాహరణకి బ్యాటర్లు 118, వైడ్లు 9, నోబాల్స్ 4, బైలు 3, లెగ్‌బైలు 2 అయితే మొత్తం 136. బౌలర్ల వైపు 131 ఉండాలి, దానికి 5 కలిపితే 136. పుస్తకంలో బౌలర్ల వైపు 118 మాత్రమే ఉంటే కంగారు పడొద్దు, తేడా సరిగ్గా 13, అంటే వైడ్లూ నోబాల్సూ. ఆ స్కోరరు వాటిని బౌలర్ ఖాతాలో వేయలేదన్నమాట. 1980ల మధ్య దాకా అంతర్జాతీయ మ్యాచ్‌ల్లోనూ అదే పద్ధతి. అలాంటి పుస్తకం నుంచి తీసిన బౌలింగ్ సగటుని ఇప్పటి కుర్రాళ్ళ సగటు పక్కన పెట్టకూడదు. తేడా ఒకటీ రెండూ అయితే చేతి పొరపాటు, వదిలేయండి. ఆరూ ఏడూ దాటితే ఎవరో ఒకరి ఓవరు ఎక్కకుండా పోయినట్టు. ఓవర్ల మొత్తం కూడి చూస్తే బయటపడుతుంది.

వికెట్ల లెక్కా అంతే. బౌలర్ల వికెట్లకి రనౌట్లు కలిపితే పడిన వికెట్లు రావాలి.

ఒకే పేరు రెండు జట్ల బ్యాటింగులోనూ కనిపిస్తే అది తప్పు కాదు. మనుషులు చాలనప్పుడు రెండువైపులా ఆడిన కామన్ ప్లేయర్ అతను. అలాంటి మ్యాచ్‌ని రికార్డుల్లోంచి తీసేసి, ముచ్చటగా వేరే చెప్పుకోవచ్చు. ఎల్‌బీడబ్ల్యూ లేదు, గోడ దాటితే ఔటు, బై పరుగుల్లేవు లాంటి ఊరి నియమాలు ఏ కాలంలో ఉన్నాయో రాసి పెట్టండి.

వీటన్నిటి కన్నా ముఖ్యం బంతి. రబ్బరు బంతి, కార్కు బంతి, టెన్నిస్ బంతి, కొబ్బరి పీచు మ్యాటు పరిచి తోలు బంతి, ఏది ఏ ఏళ్ళల్లో వాడారో ముందు తేల్చండి. రెండు ప్యాడ్ల జతని ఇద్దరు బ్యాటర్లూ ఒక్కో కాలికి కట్టుకుని, ఎగుడుదిగుడు నేల మీద కార్కు బంతితో కొట్టిన 30, టేపు చుట్టిన టెన్నిస్ బంతితో కొట్టిన 80 కన్నా చిన్నది కాదు. రికార్డుల పట్టికలు బంతి వారీగా విడివిడిగా వేయాలి. ఇది చేయని పుస్తకంలో "అత్యధిక స్కోరు" అన్న మాటకి అర్థం లేదు.

నేల

ఏ నెలలో ఎక్కడ ఆడారన్నది ఊరి పంటని బట్టి ఉంటుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందే మినుము చల్లే ఊళ్ళల్లో సంక్రాంతికి చేను ఖాళీగా ఉండదు. మినుము పీకాకే ఆట, అంటే ఎండాకాలం. "సంక్రాంతికి ఫలానావారి చేలో ఆడాం" అని ఎవరైనా అంటే ఆ ఏడు మినుము వేశారో లేదో అడగండి. తెలంగాణలో చెరువు శిఖం భూమిలో ఆడిన ఊళ్ళకి నీళ్ళు వెనక్కి తగ్గిన నెలలే సీజను. బాగా వానలు పడిన ఏడాది ఆటే ఉండదు, ఆ ఖాళీని "జట్టు మూతపడింది" అని రాసేయకూడదు.

గ్రౌండు ఎప్పుడు పోయింది, దేనికి పోయింది? చేపల చెరువా, ఇళ్ళ స్థలాల పట్టాలా, బడి ప్రహరీ గోడా? దీనికి నోటి మాట చాలదు. పంచాయతీ తీర్మానాల పుస్తకం, ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ లెక్క (ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ) చూడాలి. అడిగితే చూపించకపోతే సమాచార హక్కు కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. గడువు 30 రోజులు. "గ్రౌండు గురించి సమాచారం" అని రాస్తే "లేదు" అని జవాబొస్తుంది. సర్వే నంబరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా తీర్మానాల నకళ్ళు కావాలో రాయండి.

మాట్లాడించడం

అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి అడిగితే గొంతు పెద్దదున్నవాడి చరిత్రే మిగులుతుంది. ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, తర్వాత ఫొటోలు ముందేసుకుని అందరినీ కలపాలి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. గంట దాటనివ్వొద్దు, రెండోసారి వెళ్ళండి. రెండోసారే అసలు సంగతులు వస్తాయి.

"రంజీ దాకా వెళ్ళాడు" అన్నది ప్రతి ఊళ్ళో వినపడే మాట. అసలు సంగతి ఎక్కువసార్లు జిల్లా సెలక్షన్స్‌కి వెళ్ళడం అయి ఉంటుంది. అదీ చిన్న విషయం కాదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. రంజీ మ్యాచ్‌ల స్కోరుకార్డులన్నీ నెట్‌లో దొరుకుతాయి. కోస్తా, రాయలసీమవాళ్ళైతే ఆంధ్ర జట్టులో, తెలంగాణవాళ్ళైతే హైదరాబాద్ జట్టులో వెతకండి.

చాలా ఊళ్ళల్లో జట్టు ఒకటి కాదు, రెండు. ఊరి జట్టు, దళితుల పేట జట్టు. ఏ గ్రౌండులో ఎవరిని ఆడనిచ్చారు, మంచినీళ్ళు ఎవరు ఎక్కడ తాగారు, రెండూ ఏ ఏడాది కలిశాయి, అసలు కలిశాయా? పేటకి వెళ్ళి అక్కడి స్కోరరుని కూడా అడగాలి. ఇది వదిలేస్తే సగం ఊరి చరిత్రే అవుతుంది. పందెం మ్యాచ్‌లూ కొట్లాటలూ కూడా రాయొచ్చు. ఎవరు ముందు చెయ్యెత్తారన్నది రెండు పక్షాలూ ఒప్పుకోకపోతే పేర్లు లేకుండా, మ్యాచ్ ఆగిన ఓవరు, అప్పటి స్కోరు రాసి ఊరుకోండి.

అచ్చు

ఫారం అంటే 16 పేజీలు. 64 లేదా 80 పేజీలకి కుదించుకుంటే కాగితం వృథా కాదు. రంగు ఫొటోలన్నీ ఒకే ఫారంలో పెట్టించండి, ఖర్చు తగ్గుతుంది. మీరు ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిన మాటర్ని చాలా డీటీపీ సెంటర్లు "అను" అనే అచ్చు పని ఫాంట్లలోకి మారుస్తాయి. అప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు పక్కకి జరుగుతాయి. ప్రూఫు మార్చిన తర్వాత దిద్దాలి, ముందు దిద్దితే మళ్ళీ దిద్దాల్సిందే. పేర్లని మాత్రం పేర్ల పుస్తకం పక్కన పెట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టుకుంటూ వెళ్ళాలి.

పేర్ల పుస్తకంలోని ఫోన్ నంబర్లు అచ్చులోకి రాకుండా చూడండి. అసలు కాగితాలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చి సంతకం తీసుకోండి. స్కాన్ల కాపీలు రెండు వేర్వేరు ఇళ్ళల్లో, రెండు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి. అచ్చయిన పుస్తకం ఒకటి హైస్కూలు లైబ్రరీకి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి స్కోరరు ఇంటికి.