బైబిల్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ముసలితనం గురించి మాట్లాడుతున్నది ఎవరు?

పోయిన పాఠంలో ఆజ్ఞలు చూశాం. లేవీయకాండము 19:32 తల నెరిసినవారి ముందు లేచి నిలబడమంటుంది. అదే పుస్తకం 27వ అధ్యాయంలో దేవునికి మొక్కుకున్న మనిషికి వెల కట్టేటప్పుడు 20 నుంచి 60 ఏళ్ల మగవాడికి 50 తులాల వెండి, 60 దాటితే 15 తులాలే. ఒక్క వచనం పట్టుకుని "బైబిల్ ముసలివాళ్లను ఇలా చూస్తుంది" అనేయడం ఎందుకు కుదరదో అక్కడే తేలిపోయింది. ఈసారి కథ చదువుదాం.

2 సమూయేలు 19:31–39 తెరవండి. వ్యాఖ్యానాలు పక్కన పెట్టి ముందు రెండుసార్లు నిదానంగా చదవండి. కొడుకు అబ్షాలోము తిరగబడితే పారిపోయి మహనయీము అనే ఊరు చేరిన దావీదు రాజుకు తిండీ పడకలూ తెచ్చిచ్చిన వాళ్లలో గిలాదువాడైన బర్జిల్లయి ఒకడు. ఇప్పుడు తిరిగి వెళ్తున్న రాజు, నాతో యెరూషలేముకు రా, నిన్ను నేను పోషిస్తాను అంటాడు. బర్జిల్లయి ఒప్పుకోడు. నాకు 80 ఏళ్లు, తిన్నదాని రుచి తెలీదు, పాటగాళ్ల గొంతు వినపడదు, మీకు బరువెందుకు, మా ఊళ్లో అమ్మానాన్నల సమాధి దగ్గరే పోనివ్వండి అంటాడు.

పెన్సిల్ తీసుకుని కాగితం మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు ఆయన తన గురించి తాను చెప్పుకున్నవి, కుడివైపు కథకుడు ఆయన గురించి చెప్పినవి రాయండి. ఎడమవైపు అన్నీ చేతకానివే. కుడివైపు చూడండి: చాలా ఆస్తిపరుడు, రాజును పోషించినవాడు, తన ఊరు రోగెలీము నుంచి యొర్దాను నది దాకా సాగనంపడానికి వచ్చినవాడు. పైగా తన బదులు కింహాము అనే తన మనిషిని తీసుకెళ్లమని అక్కడికక్కడే ఏర్పాటు చేసేశాడు! నాకైతే ఇది నిస్సహాయత అనిపించదు, రాజు మనసు నొచ్చుకోకుండా వద్దని చెప్పడంలా ఉంది. సరిగ్గా దీనికి ముందు వచనాల్లోనే, రాజు బల్ల దగ్గర భోంచేస్తూ వచ్చిన, పాత రాజు సౌలు మనవడు మెఫీబోషెతుకు భూమిలో సగం పోయింది మరి. బర్జిల్లయి మనసులో అది ఉందని కథలో ఎక్కడా లేదు, కానీ పక్కపక్కనే ఉన్న సంగతులను కలిపి చూడడం అలవాటు చేసుకోండి.

ప్రసంగి 12లో కూడా ఇలాంటి జాబితాయే ఉంది, వణికే చేతులు, రాలిన పళ్లు, మసకబారిన చూపు, అన్నీ పాడుబడుతున్న ఇంటి వర్ణనలో. అయితే అది చెబుతున్నది యువకులకు, 11:9, 12:1 చూస్తే తెలుస్తుంది. కీర్తన 71:9లో మాత్రం మనిషి తనకోసం తానే దేవుణ్ణి వేడుకుంటాడు, బలం తగ్గినప్పుడు విడిచిపెట్టవద్దని.

హోంవర్క్: 1 రాజులు 1:1–31. ఎన్ని దుప్పట్లు కప్పినా వెచ్చబడని దావీదు. ఆయన వయసు అక్కడ ఉండదు, 2 సమూయేలు 5:4 చూసి లెక్కేయండి. రాజు ముసలితనం వల్ల ఎవరికి ఏం కలిసొస్తోంది, ఆయన గదిలోకి ఎవరు ముందు వెళ్తారు, ఆ మాటలు ఎవరు నేర్పి పంపారు, ఇవి నాలుగైదు వాక్యాల్లో రాస్తే చాలు. వచ్చే పాఠంలో లూకా 2కి వెళ్దాం. ఈలోగా, పసివాడైన యేసును చేతుల్లోకి తీసుకున్న సుమెయోను వయసు అందులో ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.