హెడ్ బోల్టుల మీద సాకెట్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

హెడ్ బోల్టులంటే ఇంజిన్ పై భాగాన్ని (సిలిండర్ హెడ్) కింది బ్లాకుకు బిగించేవి. వాటి తల గుంటలో మూలలు లెక్కపెట్టండి. నక్షత్రంలా ఆరు ఉంటే టార్క్స్, పన్నెండు ఉంటే ట్రిపుల్ స్క్వేర్; దేనికి దాని బిట్టే (గుంటలో దూర్చి తిప్పే మొన) వాడాలి. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, టార్క్స్ బిట్ పన్నెండు మూలల దాంట్లో పట్టినట్టే అనిపిస్తుంది కానీ గట్టిగా తిప్పగానే లోపలి పళ్లు అరిగిపోతాయి. ఆ తర్వాత బోల్టు తలను డ్రిల్ చేసి తీయాల్సి రావచ్చు, దయచేసి ఈ ఒక్క చోట తొందరపడకండి.

గుంటలో మసి, గట్టిపడిన నూనె ఉంటే సన్నని సూదితో గీకి, గాలి కొట్టండి. బిట్ అడుగు దాకా దిగకపోతే పై అంచు మీదే బలం పడుతుంది. సుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెట్టండి.

బయటికి ఆరు పలకల తల ఉంటే ఆరు పాయింట్ల సాకెట్టే వాడండి, పన్నెండు పాయింట్లది మూలల మీదే పట్టి జారుతుంది. తలే పన్నెండు మూలలదైతే మాత్రం పన్నెండు పాయింట్లదే కావాలి.

పొడవు సరిపోతుందా? బోల్టులు లోతులో ఉంటే పొట్టి బిట్ అందదు, రాట్చెట్ (బిట్‌ను తిప్పే పిడి) వంకరగా నిలుస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద విప్పితే హెడ్ వంగే ప్రమాదం ఉంది.

ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ తిప్పే మెషిన్) వద్దు, పొడవాటి బ్రేకర్ బార్ (బిగుసుకున్న బోల్టులను చేత్తో విప్పే పిడి) తీసుకోండి. మాన్యువల్‌లో విప్పే వరుస ఉంటుంది, మామూలుగా చివర్ల నుంచి మధ్యకు, ఒక్కో బోల్టునూ కొంచెం కొంచెంగా.