సముద్రంలో ఇంజిన్ ఆగిపోతోందా? కార్బురేటర్ విప్పకముందు పెట్రోల్ పైపు చూడండి

ఒడ్డు దగ్గర ఇంజిన్ చక్కగా స్టార్ట్ అవుతుంది. గాలాలు వేసి మెల్లగా ట్రోలింగ్ చేస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. వేరే చోటికి పోదామని థ్రాటిల్ పూర్తిగా తిప్పితే కాసేపు బాగానే లాగుతుంది, తర్వాత దమ్ము తగ్గి, దగ్గి దగ్గి ఆగిపోతుంది. కొంచెంసేపు ఆగి స్టార్ట్ చేస్తే అవుతుంది. మళ్లీ అదే కథ.

పోర్టబుల్ ట్యాంకు, కార్బురేటర్ ఉన్న చిన్న అవుట్‌బోర్డ్‌తో (పడవ వెనక తగిలించే ఇంజిన్) సరదాగా చేపల వేటకు వెళ్లేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే బాధ ఇది. నా దగ్గరికి వచ్చేసరికే ప్లగ్గులు మార్చి ఉంటారు, కార్బురేటర్ కడిగించి ఉంటారు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా వచ్చే పైపును మాత్రం ఒక్కసారి కూడా చేత్తో తడిమి చూసి ఉండరు.

ముందు లంగరు, తర్వాతే రిపేరు

ఇంజిన్ ఆగగానే కవరు తీసి తల లోపల పెట్టకండి. మీరు వైరు వెతుకుతుంటే పడవ రాళ్ల వైపో, అలలు విరిగే చోటికో కొట్టుకుపోతుంటుంది. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోండి, లంగరు వేయండి. లంగరు తాడు పడవ ముందు కొసకే కట్టాలి. వెనక కడితే, అసలే తక్కువ ఎత్తున్న వెనక గోడ మీదుగా అలలు లోపలికి వస్తాయి. తాడు లోతుకు కనీసం 5 రెట్లు వదలండి, గాలి ఉంటే 7 రెట్లు. లంగరు అందనంత లోతైతే ముందు కొస నుంచి తాడుకు బలమైన బకెట్ కట్టి నీళ్లలో వేయండి. పడవ పూర్తిగా ఆగదు, కానీ కొట్టుకుపోయే వేగం తగ్గుతుంది, అలలకు అడ్డంగా తిరగడం కూడా తగ్గుతుంది.

వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే ఛానెల్ 16లో మీరున్న చోటు ముందే చెప్పి ఉంచండి. ప్రాణాపాయం లేకపోతే ‘పాన్-పాన్’ అని, ఉంటే ‘మేడే’ అని పిలవాలి. చీకటి పడేదాకా చూద్దాంలే అనుకోవద్దు.

ఇంకొక్క మాట. పెట్రోల్ పైపు విప్పేటప్పుడు పడవలో ఎవరూ సిగరెట్ వెలిగించకూడదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. ఒలికింది తుడిచి, వాసన పోయేదాకా గాలి ఆడనిచ్చి, అప్పుడే స్టార్ట్ చేయండి.

అసలు స్టార్టే కాకపోతే

స్టార్టర్ తిరగకపోతే గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. తిరుగుతోంది గానీ అంటుకోవట్లేదంటే కిల్ స్విచ్ (ఇంజిన్‌ను వెంటనే ఆపే స్విచ్) క్లిప్పు చూడండి. అది సగం ఊడినా ప్లగ్గుకు కరెంటు రాదు. చేప పడ్డ హడావుడిలో ఎవరి మోకాలో తగిలి క్లిప్పు జారడం మామూలే. అలాగని ఆ క్లిప్పుకున్న తాడును మీ చేతికో లైఫ్ జాకెట్‌కో తగిలించుకోవడం మానకండి. పడవలో రెండో క్లిప్పు కూడా ఉండాలి. నడిపేవాడు క్లిప్పుతో సహా నీళ్లలో పడిపోతే, వెనక్కి తిప్పి అతన్ని ఎక్కించుకోవడానికి మిగిలినవాళ్లకు అదొక్కటే దారి.

కాసేపు నడిచి ఆగిపోతే: మూత మీద గాలి మర

ట్యాంకు మూత మీద చిన్న మర ఉంటుంది. నడిపేముందు దాన్ని తెరవాలి. చాలామంది తెరవరు, ఎందుకంటే తెరవకపోయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఎండలో ఉన్న ట్యాంకు ఉబ్బి, లోపలి ఒత్తిడితో పెట్రోల్‌ను తానే ముందుకు నెడుతుంది. పెట్రోల్ వాడేకొద్దీ ఆ ఒత్తిడి పోతుంది, లోపలికి గాలి రాక ట్యాంకు ముడుచుకుంటుంది. అప్పటికి మీరు ఒడ్డుకు దూరంగా ఉంటారు. మర తెరిస్తే గాలి బుస్సుమని లోపలికి పోయిందంటే జబ్బు దొరికినట్టే.

దయచేసి ఈ మరను అన్నిటికంటే ముందు చూడండి. దానికి స్పానర్ కూడా అక్కర్లేదు.

బల్బు పట్టుకుంటే సగం తెలుస్తుంది

ఇంజిన్ దమ్ము తగ్గుతున్నప్పుడు పడవలో ఇంకొకరిని ప్రైమర్ బల్బు (పెట్రోల్ పైపు మధ్యలో చేత్తో నొక్కి పంపు చేసే రబ్బరు బుడ్డి) పట్టుకోమనండి. బల్బు చప్పగా అణిగిపోయి ఉంటే దానికి ముందు, అంటే ట్యాంకు వైపు, ఏదో అడ్డం ఉంది. గాలి మర మూసి ఉండొచ్చు, ట్యాంకులోని జల్లెడకు చెత్త పట్టి ఉండొచ్చు. లేదా పైపు లోపలి పొర ఊడి దారి మూసుకుపోయి ఉండొచ్చు. ఎథనాల్ కలిసిన పెట్రోల్‌కు తగని పాత పైపుల్లో ఇలా జరుగుతుంది. పైకి పైపు కొత్తదానిలా కనిపిస్తుంది. దాన్ని కోసి అతికించే పని పెట్టుకోకుండా మొత్తం మార్చేయండి.

బల్బు అణగలేదు, కానీ మెత్తగా ఉంది. పంపు చేస్తుంటే ఇంజిన్ మళ్లీ అందుకుంటోంది. అంటే ప్లగ్గులు, కాయిల్ నిర్దోషులు, పెట్రోల్ చాలినంత అందడం లేదు. అన్నిటికంటే ఎక్కువ ఏడిపించే కారణం ఇక్కడే ఉంటుంది.

కారదు, కనిపించదు: పైపులోకి దూరే గాలి

పైపు లీకైతే పెట్రోల్ బయటికి కారుతుందని అందరూ అనుకుంటారు. ఇక్కడ అలా కాదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాని పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీలుస్తుంది. చీలిన స్ట్రాతో పీల్చినట్టే, జాయింటు దగ్గర వెంట్రుక వాసి సందు ఉన్నా పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఒక్క చుక్క కారదు, వాసన రాదు, అనుమానమూ రాదు.

బల్బు గట్టిగా నొక్కి చూశాం, ఎక్కడా కారలేదు అంటారు. నొక్కినప్పుడు ఒత్తిడి పడేది బల్బు తర్వాతి భాగం మీదే. బల్బుకు ముందున్న ట్యాంకు కనెక్టర్, ట్యాంకులోని గొట్టం, బల్బుకు ట్యాంకు వైపు పైపును బిగించే క్లిప్పు ఎప్పుడూ పీల్చే వైపే ఉంటాయి. మీరు చేసిన పరీక్ష వాటిని తాకనే లేదు.

మెల్లగా పోతే ఎందుకు బాగుంటుంది? అప్పుడు ఇంజిన్‌కు కావాల్సిన పెట్రోల్ తక్కువ, పీల్పూ తక్కువ. దూరిన కాస్త గాలి ఉన్నా కార్బురేటర్ గిన్నెలో నిల్వ తగ్గదు. ఫుల్ థ్రాటిల్‌లో పీల్పు పెరిగి గాలి ఎక్కువ దూరుతుంది, గిన్నె ఖాళీ అవుతుంది. ఇలా పెట్రోల్ చాలక నడిచిన ఇంజిన్ బాగా వేడెక్కుతుంది. ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి వాడే టూ-స్ట్రోక్ అయితే ఆయిల్ కూడా తగ్గుతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ‘కాసేపు ఆగితే నడుస్తోందిగా’ అని అలాగే లాక్కురావద్దు.

పట్టుకోవడం ఇలా. వేరే ట్యాంకు, వేరే పైపు తగిలించి ఫుల్ థ్రాటిల్‌లో నడపండి. జబ్బు పోతే మీ ట్యాంకు, పైపుల్లోనే ఉంది, ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు. పోకపోతే ఇంజిన్ లోపలి ఫిల్టర్, పంపు డయాఫ్రమ్ (పంపులో కదిలే పలచటి పొర) చూడాలి.

మీ పైపులోనే అని తేలాక, పెట్రోల్‌కు తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్కను తాత్కాలికంగా బల్బుకు, ఇంజిన్‌కు మధ్య పెట్టండి. స్టార్ట్ చేసినప్పుడు నాలుగు బుడగలు కనిపిస్తే కంగారు పడొద్దు. వేగం పెంచాక వరసగా బుడగలు వస్తుంటే గాలి దూరుతోంది. ఇప్పుడా ముక్కను బల్బుకు ముందుకు మార్చండి. అక్కడా బుడగలుంటే ట్యాంకు వైపు తప్పు. అక్కడ లేకపోతే బల్బుదో, దాని క్లిప్పులదో. రెండు చోట్లా బుడగలు లేకుండానే ఇంజిన్ ఆగుతుంటే ఇంజిన్ వైపు కనెక్టర్‌ను చూడండి. పరీక్ష అయ్యాక ఆ ముక్క తీసేయండి, అది పడవలో శాశ్వతంగా ఉంచాల్సిన పైపు కాదు.

ఎక్కువగా దొరికే దొంగ ఎవరంటే, కనెక్టర్ లోపల ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు రింగు. ఉప్పు, ఇసుక, ఎండ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, పగులుస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా కనెక్టర్‌ను అటూ ఇటూ కదపండి. శబ్దం మారితే అక్కడే. అదే సైజు రింగ్ వేయండి, కానీ పెట్రోల్‌కు పనికొచ్చే రబ్బరుదే. మామూలు రింగ్ పెట్రోల్‌లో ఉబ్బి మళ్లీ మొదటికొస్తుంది. పైపుకు ప్లాస్టిక్ టై కట్టి ఉంటే తీసేసి స్టీల్ క్లాంపు వేయండి. టై చుట్టూ సమంగా బిగియదు. ట్యాంకును కదలకుండా కట్టేయండి కూడా. అలలకు ట్యాంకు జారి పైపును లాగడం వల్లే కొత్త కనెక్టర్లు కూడా వదులవుతాయి.

ఫుల్ ట్యాంకు మీద బాగా నడిచి, సగానికి వచ్చాక మొరాయిస్తుంటే ట్యాంకు లోపల పెట్రోల్ పీల్చే గొట్టం బయటికి తీసి చూడండి. మధ్యలో చీలిక ఉంటే, పెట్రోల్ మట్టం దాని కింద ఉన్నప్పుడు గాలే పీలుస్తుంది. ఒడ్డున ట్యాంకు నింపి పరీక్షిస్తే ఇది ఎప్పటికీ దొరకదు.

మిగిలినవి

నీళ్లు కలిసిన పెట్రోల్: ఫిల్టర్‌లోది గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచితే నీళ్లు అడుగున తేరుకుంటాయి. ట్యాంకు ఖాళీ చేసి, నీటిని వేరుచేసే ఫిల్టర్ మార్చండి.

ఇంజిన్ పక్కన చిమ్మే నీటి ధార ఆగితే వెంటనే ఇంజిన్ ఆపండి. సన్న తీగతో ఆ రంధ్రం పొడవండి. అయినా రాకపోతే ఇంపెల్లర్ (చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రం) పోయి ఉండొచ్చు, ఒడ్డుకు లాగించుకోవాల్సిందే.

గేరు వేయగానే ఆగిపోతే ప్రొపెల్లర్‌కు గాలం దారమో వలముక్కో చుట్టుకుని ఉండొచ్చు. కిల్ స్విచ్ క్లిప్పు లాగేసి, ఇంజిన్ ఎత్తి తీయండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు హబ్ జారుతుండొచ్చు, మెల్లగా ఇంటికి రండి. కాయిళ్లు, రెక్టిఫయర్‌ల లాంటివి పోవడం అరుదు, వాటి కోసం ముందే డబ్బు తగలేయకండి.

ఏది బాగుచేసినా ఒడ్డున ట్యాపు నీళ్లతో ఐడిల్‌లో నడిపి సరిపోయిందనుకోవద్దు. లోడు లేకపోతే ఈ జబ్బు బయటపడదు. పడవను నీళ్లలోకి దింపి, ఒడ్డు కనిపించే దూరంలోనే 15, 20 నిమిషాలు ఫుల్ థ్రాటిల్‌లో తిప్పండి. ట్యాంకు సగమున్నప్పుడు ఇంకోసారి తిప్పండి. రెండుసార్లూ బల్బు అణగకుండా, ఇంజిన్ తగ్గకుండా లాగితే గాలాలు సర్దుకోండి.