రేకు చూసి కొనండి: గోదావరి డెల్టాలో పాత అంబాసిడర్

కలల కారు అనగానే ఈ కాలపు కుర్రవాళ్ళకు బెంజో, బీఎండబ్ల్యూవో, నల్లటి థారో గుర్తుకు వస్తుంది. వాటికి డబ్బో, బ్యాంకు అప్పో ఉంటే చాలు, మిగిలినదంతా షోరూము వారే చూసుకుంటారు. కానీ కోనసీమలోను, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల్లోను నలభై దాటినవారిని కదిపితే, చాలామంది మనసులో మెదిలేది పెళ్ళికొడుకును విడిదింటి ముందు దింపిన తెల్ల అంబాసిడరే. హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో తయారుచేసిన ఆ కారు ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును కూడా ఫ్రెంచి సంస్థ ప్యూజోకు 80 కోట్ల రూపాయలకు అమ్మేశారు. కనుక ఇప్పుడు ఎవరు కొన్నా చేతులు మారి వచ్చిన పాత బండినే కొనాలి. అటువంటి బండిని డెల్టా గాలిలో, డెల్టా నేల మీద ఉంచుకోదలచినవారు ఏం చూసి కొనాలో, కొన్నాక ఎలా కాపాడుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

కొనేవారు సాధారణంగా బానెట్ ఎత్తించి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ రంగు చూసి తృప్తి పడతారు. మన ప్రాంతానికి ఇది తలకిందుల పద్ధతి. బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి సంక్రమించిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఎంత మొండిదో అంత సులువైనది. విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని విప్పి బిగించగల పాత మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, అక్కడ దొరకని సామాను కోసం చెన్నై పుదుపేటకో, కలకత్తాకో కబురు పెట్టవచ్చు. తుప్పు తిన్న బాడీకి మాత్రం అంత తేలికైన మందు లేదు. లారీకో, పాత జీపుకో ఉన్నట్టు అంబాసిడర్‌కు కింద విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. పైనున్న రేకు, అడుగునున్న రేకు, తలుపుల కింద పొడుగునా సాగే డొల్ల పెట్టెలు అన్నీ కలిసి ఒకే కట్టుగా బరువు మోస్తాయి. అందువల్ల ఈ కారుకు పట్టిన తుప్పు అందానికి సంబంధించిన లోపం కాదు, బలానికి సంబంధించిన లోపం. ఇంజిన్ ఆగిపోయిన బండిని కొన్నా నష్టం లేదు గాని, అడుగు పోయిన బండిని ఎంత చవకగా ఇచ్చినా కొనకూడదన్నది నా అభిప్రాయం.

బండి ఎక్కడ పెరిగిందో తెలుసుకోవడంతో పరిశీలన మొదలుపెట్టాలి. పాత నంబరు ప్లేటు ఇందుకు కొంత ఆధారం ఇస్తుంది. ఏపీ 5 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి; ఏపీ 2 అనంతపురం, ఏపీ 4 కడప, ఏపీ 21 కర్నూలు; ఏపీ 9 నుంచి 13 వరకు హైదరాబాదు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చింది కాబట్టి ఈ ఆనవాలు కొత్త నంబర్లకు పనికిరాదు. రాయలసీమ పొడిగాలిలో ముప్పై ఏళ్ళు తిరిగి, ఎండకు రంగు వెలిసి, సీట్లు చిరిగిన బండి చూపుకు ఆనదు. అయినా, ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు పదేళ్ళు ఉండి, నిన్ననే రంగు వేయించుకుని మెరుస్తున్న బండి కన్నా అదే మేలు. ఇక ప్రభుత్వ వేలంలో ఇప్పిస్తామనే మాటను వెంటనే నమ్మవద్దు. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు, అవి తుక్కుకే పోవాలి. అంతకు ముందే వేలంలో కొని, సీ బుక్కు (ఆర్‌సీ) ప్రైవేటు పేరు మీదికి మారిన బండి అయితేనే ముందుకు సాగాలి.

బేరం మాట ఎత్తక ముందే, యజమానిని ఒప్పించి బండిని దగ్గరలోని వాటర్ సర్వీసింగ్ ర్యాంపు మీదికి ఎక్కించండి, అయితే కడగనివ్వకండి. బురద ఉన్న అడుగు చెప్పినన్ని నిజాలు కడిగిన అడుగు చెప్పదు. అంతకంటే అనుమానించవలసింది అడుగంతా నల్లగా పూసిన కొత్త అండర్ కోటింగ్. తుప్పును గీకకుండా దాని మీదనే ఆ పూత పూస్తే బయటకు గట్టిగా కనిపిస్తుంది గాని, లోపల చెమ్మ ఉండిపోయి రేకును తింటూనే ఉంటుంది. ఒక చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచులు, చక్రాల వెనుక ఫెండర్ల చివరలు, డిక్కీ అడుగు వరుసగా తడమండి. అసలు రేకు ఉన్నచోట అది చటుక్కున అతుక్కుంటుంది, పుట్టీ మందంగా పెట్టినచోట జారిపోతుంది. ఆ తరువాత జాకీ పెట్టే చోటు, వెనుక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) బాడీకి బిగించే చోటు చూడాలి. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు పొరలుగా రాలుతున్నా, లోపలికి దిగబడుతున్నా ఇక ఆ బండితో పని లేదు.

మన డెల్టాకే ప్రత్యేకమైన పరీక్ష మరొకటి ఉంది. 1986 ఆగస్టు వరద మొదలుకొని 2022 జూలై వరద దాకా గోదావరి గట్టు దాటినప్పుడల్లా, లంక గ్రామాల్లోను, ఏటిగట్ల లోపలి ఊళ్ళలోను వాహనాలు మునిగాయి. మునిగిన బండిని పైకి ఎంత కడిగినా ఒండ్రు పూర్తిగా వదలదు. వెనుక సీటు దిమ్మను ఎత్తి, దాని కింద రేకు మడత పడిన మూలలో వేలు పెట్టి తీయండి. రోడ్డు దుమ్మయితే గరుకుగా, బూడిద రంగులో ఉండి ఊదితే లేచిపోతుంది. ఒండ్రు మాత్రం విభూతిలా మెత్తగా ఉండి, వేలిగీతల్లో ఇంకి, తుడిచినా జాడ మిగులుతుంది. డ్యాష్‌బోర్డు వెనుక వైర్ల మీద, మీటరు అద్దం లోపలి అంచున కూడా అదే రంగు గీత కనబడితే నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో కూడా తెలిసిపోతుంది.

నడిపి చూడటంలోనూ ఒక చిక్కు ఉంది. డెల్టా అంతా చదును నేల కావడంతో, కాలువ గట్టు రోడ్డు మీద ఎంత దూరం నడిపినా అరిగిన క్లచ్చు, నీరసించిన ఇంజిన్ బయటపడవు. మనకు ఎత్తులంటే వంతెనలే. సిద్ధాంతం దగ్గరో, చించినాడ దగ్గరో వంతెన ఎక్కేటప్పుడు నలుగురిని కూర్చోబెట్టుకుని టాప్ గేరులోనే యాక్సిలరేటర్ నొక్కి చూడాలి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు పోయినట్టు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వాహనాలను ఏరు దాటించే పంటు నడుస్తున్న రోజుల్లో అయితే రేవు దిగడం, పంటు మీదికి ఎక్కడం ఇంకా మంచి పరీక్ష, ఎందుకంటే హ్యాండ్ బ్రేకు పట్టు, మొదటి గేరు బలం, రివర్సు గేరు నమ్మకం మూడూ అక్కడే తేలిపోతాయి. పాత మోడళ్ళలో స్టీరింగు పక్కన ఉండే గేరు కడ్డీ కాస్త వదులుగా ఆడటం సహజం, దాని లింకుల బుష్షులు మార్చుకోవచ్చు. దానికి భయపడనక్కరలేదు.

ఏ మోడల్ అన్న ప్రశ్నకు సమాధానం, కారును దేనికి కొంటున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. పండగలకూ పెళ్ళిళ్ళకూ తీసి, అందం చూసి మురిసిపోవాలనుకునేవారికి మార్క్ 2, మార్క్ 3 అనే పాత మోడళ్ళు తగినవి. వారానికి రెండుసార్లు అమలాపురం నుంచి రాజమహేంద్రవరం వెళ్ళిరావాలనుకునేవారు 1990ల తొలినాళ్ళలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజిన్ బండిని వెతకాలి. దానికి ఐదు గేర్లు, లాగుడు ఎక్కువ. డీజిలు బండి ఖర్చు తగ్గిస్తుంది నిజమే గాని, ఆ మోతను కలగా భావించగలవారు అరుదు.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. సీ బుక్కు మీది ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును బండి మీది అంకెలతో స్వయంగా సరిచూసుకోవాలి. ఇంజిన్ మార్చి ఉండి, ఆ మార్పు సీ బుక్కులో ఎక్కకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) దగ్గర పని ఆగిపోతుంది. ప్రైవేటు కారు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత బండిని చూపించి ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఈ రుసుమును కేంద్రం 2025లో 10,000 రూపాయలు చేసింది. బేరంలో ఈ మొత్తాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. అమ్మినవారు, కొన్నవారు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేశాక, కొన్నవారు 30 రోజుల లోపల పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. తెలంగాణ నుంచి తెస్తే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తప్పనిసరి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండి అయితే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు. అయితే ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ అటువంటి అవసరాలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు కనుక, తొందరపడి ఆ దారి పట్టవద్దు.

బండి ఇంటికి చేరాక మొదటి పని దానికి చోటు చూపించడం. కొబ్బరిచెట్టు కింద నిలపకూడదని కోనసీమవారికి చెప్పడం అధికప్రసంగమే, అయినా ఆ తప్పు చేసేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ధాన్యం నిల్వచేసే గదిని ఆనుకుని షెడ్డు వేస్తే ఎలుకలు వైర్ల గుడ్డ తొడుగును కొరికేస్తాయి. నేల సిమెంటుదై, వాకిలి కన్నా జానెడు ఎత్తుగా ఉండాలి. ప్లాస్టిక్ టార్పాలిన్ నేరుగా కప్పితే రాత్రి చెమ్మ లోపలే నిలుస్తుంది. గాలి ఆడే నూలు దుప్పటి చాలు, అద్దాలు వేలెడు దించి ఉంచితే ఇంకా మంచిది. తుప్పు నివారణ పూతను వానలు మొదలవక ముందు, రోహిణి కార్తె ఎండలో రేకు పూర్తిగా ఆరాకనే వేయించాలి. పాత తుప్పును గీకించి, ప్రైమర్ వేయించి, డొల్ల పెట్టెల లోపలికి మైనపు పూత కొట్టించాలి. తలుపుల అడుగున నీరు కారిపోయే రంధ్రాలు ఆ పూతతో మూసుకుపోకుండా పుల్లతో తీయించడం మరవకూడదు.

నీటి విషయంలో తీరగ్రామాలవారు మరింత జాగ్రత్తపడాలి. ఉప్పలగుప్తం, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటిని రేడియేటర్‌లో పోస్తే లోపల పొర కట్టి ఇంజిన్ వేడెక్కుతుంది, వాటితో కడిగితే రేకు తుప్పు పడుతుంది. రొయ్యల చెరువుల నీళ్ళూ అంతే. కడగడానికి కాలువ నీళ్ళు శ్రేష్ఠం, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తడిగుడ్డతో సరిపెట్టుకోండి. రేడియేటర్‌లో మాత్రం శుద్ధజలం కలిపిన కూలెంటే పోయాలి. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుచేత పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించి, వారానికి ఒకసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడపాలి. సీసం లేని పెట్రోలు దేశమంతటా వచ్చిన 2000 సంవత్సరానికి ముందు తయారైన ఇంజిన్ హెడ్డును ఎప్పుడైనా విప్పితే, సీసం లేని పెట్రోలుకు త్వరగా అరగని గట్టి వాల్వు సీట్లు వేయించడం ఆ పనిలోనే పూర్తిచేయండి. కోతల కాలంలో రోడ్డు మీద పరిచిన గడ్డి మీదుగా నడపవలసి వస్తే, ఇల్లు చేరగానే వంగి సైలెన్సర్ చుట్టూ చూడండి, అక్కడ చుట్టుకున్న గడ్డి వేడికి అంటుకోవచ్చు. నీటిలో నుంచి దాటి వచ్చాక తడిసిన డ్రమ్ బ్రేకులు పట్టవు, కొంతదూరం నెమ్మదిగా నడుపుతూ పెడలును మెల్లగా నొక్కి ఆరబెట్టాలి.

చివరగా బీమా. పాత కారే కదా అని చాలామంది థర్డ్ పార్టీ పాలసీతో సరిపెడతారు. అది ఎదుటివారికి జరిగిన నష్టానికే తప్ప వరదలో మునిగిన మన బండికి పైసా ఇవ్వదు. సమగ్ర పాలసీ అడగండి. ఐదేళ్ళు దాటిన వాహనం విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకునే వీలు ఉంది కాబట్టి, టింకరింగ్, పెయింటింగ్, ఇంజిన్ పనుల బిల్లులను, పనికి ముందూ తరువాతా తీసిన ఫొటోలను ఒక ఫైలులో ఉంచి, గోదావరికి వరద వచ్చే జూలై కన్నా ముందే పాలసీ కాగితం చేతికి వచ్చేలా చూసుకోండి.