డెంప్‌స్టర్ హైవే మీద ఒంటరిగా బయలుదేరే ముందు

కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, డాసన్ సిటీకి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దగ్గర క్లోండైక్ హైవే నుంచి ఒక కంకర రోడ్డు ఉత్తరానికి చీలుతుంది. అదే డెంప్‌స్టర్ హైవే. ఇనూవిక్ అనే పట్టణం దాకా దాదాపు 740 కిలోమీటర్లు. 2017లో తెరిచిన రోడ్డు అక్కడి నుంచి మరో 140 కిలోమీటర్లు సాగి టక్టోయాక్‌టక్ వద్ద ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఆగుతుంది. వేసవిలో ఇక్కడ ఒంటరిగా కారు నడపడం అసాధ్యమేమీ కాదు. తొందర ఉన్నవాళ్లు మాత్రం ఈ దారి జోలికి పోకపోవడమే మేలు.

ఈ రోడ్డుకు ఆ పేరు రావడం వెనుక కూడా తొందర కథే ఉంది. 1910 డిసెంబరులో ఫిట్జ్‌గెరాల్డ్ అనే పోలీసు అధికారి మరో ముగ్గురితో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు కుక్కలు లాగే బళ్ల మీద బయలుదేరాడు. త్వరగా చేరాలని తిండి సామాను తగ్గించుకున్నాడు. దారి తెలిసిన గ్విచిన్ అనే స్థానిక తెగ మనిషిని మధ్యలోనే పంపేశాడు. ఆ నలుగురూ దారి తప్పి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1911 మార్చిలో వాళ్ల శవాలను వెతికి కనిపెట్టిన పోలీసు పేరే డెంప్‌స్టర్.

కాబట్టి ముందుగా సర్దుకోవలసింది రోజులు. ఈ దారిలో దాటాల్సిన పీల్, మెకెంజీ నదుల మీద ఇక్కడ వంతెనలు లేవు. వేసవిలో ఫెర్రీలు, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే దారి. మంచు విరిగే రోజుల్లో, మళ్లీ పేరుకునే రోజుల్లో కొన్ని వారాలపాటు ఈ రెండూ ఉండవు. నడివేసవిలో కూడా వానకు రోడ్డు కోసుకుపోవచ్చు, కార్చిచ్చు వల్ల మూసేయవచ్చు. రానూపోనూ వారం అనుకుంటే దాని మీద మూడు ఖాళీ రోజులు, వాటికి సరిపడా తిండి, నీళ్లు ఉండాలి. తిరుగు విమానం టికెట్టు మాత్రం ప్రయాణం ముగిసే మరునాటికి కొనకండి. ఆ టికెట్టే మిమ్మల్ని రాత్రిపూట కూడా బండి నడిపిస్తుంది. రెండు ప్రభుత్వాల రోడ్డు సమాచారాన్నీ బయలుదేరే రోజు ఉదయం చూడండి: సగానికి పైగా దారి యూకాన్‌ది, మిగతాది పక్కనున్న వాయవ్య ప్రాంతాలది (నార్త్‌వెస్ట్ టెరిటరీస్).

ఇక టైర్లు. కంకరలోని పలకరాళ్లు కత్తి అంచుల్లా ఉంటాయి. డిక్కీలో వచ్చే సన్నపాటి స్టెప్నీని నమ్ముకుని వెళ్లకండి. పూర్తి సైజువి రెండు ఉండాలి. జాకీ కింద వేయడానికి ఒక మందపాటి చెక్క ముక్క తీసుకోండి, మెత్తటి నేలలో జాకీ దిగబడుతుంది. నట్లు మీ చేతి బలానికి ఊడుతున్నాయో లేదో ఊళ్లో ఉండగానే ఒక చక్రం విప్పి చూసుకోండి. అద్దె కారైతే ఒప్పందం పూర్తిగా చదవండి. చాలా కంపెనీలు ఈ రోడ్డు మీదికి తమ కార్లను అనుమతించవు.

డాసన్ తర్వాత పెట్రోలు దొరికేది ఈగిల్ ప్లెయిన్స్ అనే మజిలీలో, అంటే మొత్తం 410 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు మరో 180. కంకర మీద బండి మామూలుకన్నా ఎక్కువ తాగుతుంది, ఎదురుగాలి ఉంటే ఇంకా ఎక్కువ. అదనంగా 20 లీటర్ల డబ్బా ఉంచుకోండి.

ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరగకుండా ఈ రోడ్డును ఎత్తయిన కంకర కట్ట మీద వేశారు. దాని అంచులు మెత్తగా ఉంటాయి. ఫొటో కోసం పక్కకు ఒరిగించి ఆపారంటే బండి జారి కిందికి పోవచ్చు. వెడల్పుగా ఉన్న చోటే ఆపండి. ఎదురుగా లారీ వస్తే బాగా నెమ్మదించి కుడివైపు ఉండండి, దుమ్ము తగ్గేదాకా ముందుకు పోకండి. దుమ్ము అణచడానికి చల్లే కాల్షియం క్లోరైడ్ తడిస్తే రోడ్డు జారుతుంది. వాన పడుతుంటే ఆగిపోవడం పిరికితనమేమీ కాదు.

ఒంటరివాడికి అసలు శత్రువు ఎలుగుబంటి కాదు, నిద్ర. ఇనూవిక్‌లో జూన్ నెలంతా సూర్యుడు అస్తమించడు. వెలుతురు ఉంది కదా అని పద్నాలుగు గంటలు నడిపేస్తాం. మలుపులు లేని చోటే కళ్లు మూతలు పడతాయి. ఈ గంటకు ఆపేయాలని ఉదయమే నిర్ణయించుకుని, ఆకాశాన్ని కాక గడియారాన్ని చూడండి. కళ్లకు కట్టుకునే నల్లటి పట్టీ ఉంటే పట్టపగటి రాత్రిలోనూ నిద్ర పడుతుంది.

ఎలుగుబంట్ల స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు, యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో కొనుక్కోండి. తిండి గుడారంలో పెట్టుకోకండి. దోమలకు తల మీంచి వేసుకునే వల తప్పనిసరి.

ఊళ్లు దాటితే ఫోను పనిచేయదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం అద్దెకైనా తీసుకుని, ఊళ్లో ఉండగానే ఒకసారి పంపి చూడండి. బాధ్యత తెలిసిన ఒకరికి మీ కారు నంబరు, రంగు, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో రాసి ఇవ్వండి. ఎన్ని గంటలు కబురు లేకపోతే పోలీసులకు ఫోను చేయాలో కూడా చెప్పండి. ఫెర్రీ ఆలస్యాలు ఉంటాయి కనుక ఆ గడువు మరీ తక్కువ పెట్టకండి. బండి చెడిపోతే దాన్ని విడిచి నడవకండి. వెతికేవాళ్లకు మనిషికన్నా కారు తొందరగా కనిపిస్తుంది.

తిరిగి డాసన్ చేరాక కారు అడుగుభాగం నీళ్లతో బాగా కడిగించండి. ఆ కాల్షియం క్లోరైడ్ ఇనుమును తినేస్తుంది. లైట్ల మీది బురద తుడిచి, చక్రాల నట్లు మరోసారి బిగించి, తర్వాతే దక్షిణానికి బయలుదేరండి.