క్లియర్ అలైనర్లు (వంకర పళ్లను సరిచేసే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు) ఎంచుకునే ముందు జాగ్రత్తలు

• ముందు చిగుళ్లు, పుచ్చుపళ్లు చూపించుకోండి. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, పళ్లు కదులుతున్నా ఆ వైద్యం పూర్తయ్యాకే అలైనర్ల మాట.

• ఎక్స్‌రే తీయకుండా ఫొటోలు, అచ్చులు చూసి ట్రేలు ఇస్తామంటే ఒప్పుకోకండి. వేర్ల పొడవు, ఎముక మట్టం ఎక్స్‌రేలోనే తెలుస్తాయి.

• కొద్దిపాటి వంకరకు, సందులకు ఇవి బాగా పనిచేస్తాయి. బాగా మెలితిరిగిన కోరపన్ను మాత్రం కష్టం, గుండ్రంగా ఉండడంతో ప్లాస్టిక్‌కు పట్టు దొరకదు. ఒక్కో ట్రే పన్నును సుమారు 0.25 మిల్లీమీటరే జరుపుతుంది. పన్ను అనుకున్నంత జరగక వెనకబడితే ట్రే అంచుకీ పంటికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. ట్రేకు పట్టు కోసమే పళ్లపై పంటి రంగు బొడిపెలు అతికిస్తారు, వద్దనకండి.

• రోజుకు 20–22 గంటలు పెట్టుకోగలరా? లేకుంటే బ్రేసులే మేలు.

• చివర్లో, సరిచేసిన పళ్లు మళ్లీ జరగకుండా వాడే రిటైనర్ల ఖర్చు కూడా ముందే అడగండి.